విడిగా ఉంటే సరుకు, కలిస్తే చెత్త

ఫ్యాక్టరీ వ్యర్థాలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది వెనక గేటు. తుప్పు పట్టిన డ్రమ్ములు, రంగు మారిన నీళ్లు పారే కాలువ, తుక్కు ఎత్తుకుపోయే లారీ. చర్చ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది: ఈ చెత్తని ఏం చెయ్యాలి, ఎవరికి అప్పగించాలి, ఇందులో రీసైకిల్ అయ్యేది ఎంత అని. కానీ వెనక గేటు దాకా వచ్చేసరికి సగం కథ అయిపోయినట్టే. ఒక వ్యర్థం మళ్లీ సరుకు అవుతుందా, ఏళ్ల తరబడి తలనొప్పిగా మిగిలిపోతుందా అన్నది, మిషన్ నుంచి కింద పడ్డాక అది దేనితో కలిసిందన్న దాన్నిబట్టే చాలావరకు తేలిపోతుంది. ఈ విషయం గురించి ఎంత చదివినా నాకు తిరిగి తిరిగి తగిలేది ఈ ఒక్క సంగతే.

ఏదైనా మిషన్ షాపులో లేత్ పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. టూలు తగలగానే లోహం చుట్టలు చుట్టలుగా లేచి కింద ట్రేలో పడుతుంది, దాని మీద పాలలా తెల్లగా ఉండే కూలెంట్, అంటే కోతని చల్లబరిచే ద్రవం, కారుతూ ఉంటుంది. ఆ పొట్టు అచ్చమైన లోహం. పొద్దున స్టోర్స్ నుంచి వచ్చిన కడ్డీది ఏ గ్రేడో, పొట్టుదీ అదే గ్రేడు. మధ్యాహ్నం అదే మిషన్ మీద ఇంకో గ్రేడు అల్యూమినియం ఎక్కించారు, ఆ తర్వాత ఇత్తడి, మధ్యలో ట్రే ఎవరూ ఖాళీ చెయ్యలేదు. షిఫ్ట్ అయ్యేముందు నేల ఊడ్చి, ఆ దుమ్ము, నూనె గుడ్డలు, అరిగిపోయిన టూల్ టిప్పులు అన్నీ అదే డబ్బాలో పోశారు. పొద్దున టెస్ట్ సర్టిఫికెట్‌తో వచ్చిన లోహం సాయంత్రానికి 'మిక్స్‌డ్ తుక్కు' అయింది. ఎవరూ పెద్ద తప్పేమీ చెయ్యలేదు. కలవడానికి ఒక్క నిమిషం పట్టింది, ఖర్చు సున్నా. విడదీయడం మాత్రం అలా కాదు. హంస పాలనీ నీళ్లనీ వేరు చేస్తుందని అంటాం కదా, ఫ్యాక్టరీలో ఆ పని కరెంటు, రసాయనాలు, మనుషుల శ్రమ పోసి చేయించాలి, అదీ పూర్తిగా సాధ్యమైతేనే.

పూర్తిగా సాధ్యం కాని చోట్లు చాలానే ఉన్నాయి. ఉక్కు సంగతి చూడండి. పాత కార్లు, మిషన్లు నలగ్గొట్టిన తుక్కులో మోటార్ల చుట్టలు, వైర్ల రూపంలో కాస్త రాగి ఎప్పుడూ ఉంటుంది. కొలిమిలో కరిగించి ఆక్సిజన్ ఊదితే సిలికాన్, మాంగనీసు లాంటివి ఆక్సిజన్‌తో కలిసి తెట్టులా పైకి తేలిపోతాయి. రాగి తేలదు. దానికి ఇనుముకన్నా ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ, అంచేత ముందు ఇనుమే మండుతుంది తప్ప రాగి కదలదు, కరిగిన ఉక్కులోనే ఉండిపోతుంది. తర్వాత ఆ ఉక్కుని ఎర్రగా కాల్చి రేకుగా సాగదీస్తుంటే పైపొరలో పోగైన రాగి కరిగి, ఉక్కు రేణువుల మధ్య సందుల్లోకి జారి రేకుని పగలగొడుతుంది. మామూలు ఉక్కు తయారీ పద్ధతుల్లో దీనికి విరుగుడు లేదు. ఖనిజం నుంచి తీసిన కొత్త ఇనుము కలిపి పలచన చెయ్యాలి, లేదా కాస్త రాగి ఉన్నా ఫరవాలేని కాంక్రీటు కడ్డీల్లోకి మళ్లించాలి. కారు రేకు మళ్లీ కారు రేకు కాలేక కడ్డీగా దిగిపోతుంది. లెక్కల్లో అది కూడా రీసైక్లింగ్ కిందే పడుతుంది, అందులో అబద్ధమూ లేదు, కానీ ఒక మెట్టు దిగింది.

అల్యూమినియంలో ఇంకా తీవ్రంగా ఉంటుంది ఈ గొడవ. ఖనిజం నుంచి తియ్యడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతంతోనే తుక్కు అల్యూమినియాన్ని కరిగించుకోవచ్చు, ఇంత లాభం ఉన్న రీసైక్లింగ్ తక్కువ. అయితే అందులో కలిసిన ఇనుము, సిలికాన్ మళ్లీ బయటికి రావడం చాలా కష్టం. ఇంకో సంగతి, పొట్టు సన్నగా ఉండి నూనెతో తడిసి ఉంటే కొలిమిలో వేసినప్పుడు కరగడానికి బదులు కొంత మండి బూడిదవుతుంది. అందుకే జాగ్రత్తపరులు పొట్టుని గ్రేడువారీగా పట్టి, గిరగిర తిప్పే మిషన్‌లో వేసి కూలెంట్ పిండేసి, గట్టిగా నొక్కి ఇటుకల్లా చేసి పంపుతారు. పిండిన కూలెంట్ వడకట్టి మళ్లీ మిషన్‌కే పోస్తారు. చూడ్డానికి చిన్న ఏర్పాటు. కానీ ఒక్క దెబ్బకి లోహమూ మిగులుతుంది, కూలెంటూ మిగులుతుంది, నూనె కారుతూ పోయే లారీ బెడదా తగ్గుతుంది.

మరి ఇంత తేలికైంది అందరూ ఎందుకు చెయ్యరు? నా ఉద్దేశంలో దీనికి పెద్ద కారణం అకౌంట్స్. వ్యర్థానికి అయ్యే ఖర్చు ఎంత అని అడిగితే చాలా కంపెనీల్లో పారవెయ్యడానికి కట్టిన బిల్లు చూపిస్తారు. తుక్కు అమ్మితే వచ్చిన డబ్బు ఆదాయం వైపు ఇంకో గడిలో కనిపిస్తుంది. చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. అసలు లెక్క వేరు. 100 కిలోల కడ్డీ కొని 70 కిలోల భాగాలు చేస్తే, మిగతా 30 కిలోలు కూడా పూర్తి ధర పెట్టి కొన్నవే. దాన్ని కోయడానికి కరెంటు కాలింది, టూలు అరిగింది, ఆపరేటర్ టైమ్ పోయింది. తుక్కు అమ్మి తెచ్చుకున్నది అందులో చిన్న ముక్క. విమానాల్లో వాడే కొన్ని టైటానియం భాగాలకైతే కొన్న లోహంలో పదింట తొమ్మిది వంతులు పొట్టుగానే పోతుంది. ఈ దాగిన నష్టాన్ని బయటికి లాగే లెక్కల పద్ధతి జర్మనీలో మొదలై జపాన్‌లో బాగా పాకింది, 2011లో ఐఎస్ఓ 14051 పేరుతో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. ఆ పద్ధతిలో వ్యర్థాన్ని కూడా ఒక 'తయారీ వస్తువు'లాగే చూస్తారు: దీన్ని తయారు చెయ్యడానికి మనకి ఎంత అయింది? ఈ ప్రశ్న వేసుకున్న మర్నాటి నుంచి చెత్త డబ్బాని చూసే చూపు మారుతుంది. 3ఎం కంపెనీ 1975లోనే కాలుష్యాన్ని పుట్టకముందే ఆపితే లాభం అని ఒక కార్యక్రమం మొదలుపెట్టిందంటే, అప్పుడు కూడా వాళ్లని నడిపించింది ఇలాంటి లెక్కే.

లోహపు పొట్టు ఇందులో మంచి పిల్లాడు. అసలు కష్టం నీళ్లలో కలిసేవాటితో. క్రోమ్, నికెల్ పూత వేసే ప్లేటింగ్ షాపు ఒక్కటి అర్థమైతే మిగతా రసాయన వ్యర్థాలు కూడా చాలావరకు అర్థమవుతాయి, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ప్లేటింగ్ షాపులో వరసగా తొట్లు ఉంటాయి. భాగాలన్నీ ఒక ఫ్రేముకి తగిలించి తొట్టిలో ముంచుతారు, పూత పడ్డాక పైకెత్తి పక్క తొట్టిలో నీళ్లతో కడుగుతారు. పైకెత్తినప్పుడు ప్రతి భాగానికీ అంటుకుని కొంచెం ద్రావణం కడిగే నీళ్లలోకి వెళ్తుంది. ఆ కొంచెమే మొత్తం సమస్య. ఫ్రేముని తొట్టి మీద ఇంకొన్ని సెకన్లు ఆపితే చుక్కలు చుక్కలుగా తిరిగి తొట్టిలోకే కారుతుంది, అక్కడ అది ఖరీదైన సరుకు. పక్క తొట్టిలోకి కారితే అదే విషపు నీరు. రెండు తొట్ల మధ్య దూరం జానెడు.

కడగడంలో కూడా ఒక అందమైన లెక్క ఉంది. అంటుకున్న ద్రావణాన్ని వెయ్యో వంతుకి పలచన చెయ్యాలంటే ఒకే తొట్టిలో అయితే అంటుకొచ్చిన ప్రతి లీటరుకీ 1,000 లీటర్ల నీళ్లు కావాలి. రెండు తొట్లు పెట్టి, భాగాలు ఒకవైపు నుంచి, నీళ్లు ఎదురువైపు నుంచి వచ్చేలా పారిస్తే సుమారు 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే 10. రసాయనం మారలేదు, నాణ్యత తగ్గలేదు, నీళ్లు పారే దిక్కు మారింది అంతే. పైగా నీళ్లు అంత తక్కువైనప్పుడు మొదటి తొట్టిలోని చిక్కటి కడుగునీళ్లని మళ్లీ ప్లేటింగ్ తొట్టిలోకే పోసుకోవచ్చు, ఎందుకంటే వేడికి అక్కడ ఎలాగూ నీరు ఆవిరైపోతూ ఉంటుంది.

ఇవేవీ చెయ్యకపోతే నీళ్లన్నీ శుద్ధి ప్లాంటుకి పోతాయి. అక్కడ ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే క్యాన్సర్ తెచ్చే రకం, ముందు బాగా ఆమ్లంగా చేసిన నీటిలో సోడియం మెటాబైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీ రకంగా మారుతుంది. పసుపు నారింజ రంగు నీళ్లు మన కళ్లముందే ఆకుపచ్చకి తిరుగుతాయి. తర్వాత సున్నమో కాస్టిక్ సోడానో కలిపితే అది ముద్దలా అడుగుకి దిగుతుంది. ఫిల్టర్ ప్రెస్‌లో నొక్కితే పలకల మధ్య నుంచి బురద బిళ్లలు ఊడి పడతాయి. చేతికి గట్టిగానే తగిలినా అందులో సగానికి పైగా నీళ్లే. క్రోమియం ఎక్కడికీ పోలేదని గమనించండి, నీళ్లలోంచి బురదలోకి మారింది. నికెల్ నీళ్లు విడిగా పట్టి ఉంటే ఆ బురదని నికెల్ తీసేవాళ్లు తీసుకుంటారు. నికెల్, రాగి, జింకు, క్రోమియం అన్నీ ఒకే కాలువలోకి వదిలితే వచ్చే బురదని ఎక్కువగా పాతిపెట్టడమే అవుతుంది.

కలపడం వల్ల డబ్బు పోవడం ఒక ఎత్తు, ప్రాణం పోవడం ఇంకో ఎత్తు. సయనైడ్ కాలువలోకి ఆమ్లం చేరితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుడుతుంది. ఈ రెండు పైపులూ ఎప్పటికీ కలవకూడదు. రంగులు వేసి, బోర్డులు పెట్టి, ఇంకా భయంగా ఉంటే వేరే గోడల మధ్య నడపాలి. ఈడీటీఏ లాంటి రసాయనం ఉన్న క్లీనింగ్ నీళ్లు లోహాల నీళ్లలో కలిస్తే ప్రమాదం కనిపించదు గానీ, అది లోహాన్ని గట్టిగా పట్టుకుని కిందికి దిగనివ్వదు. ఎంత సున్నం వేసినా నీళ్లలో లోహం అలాగే ఉంటుంది. ప్లాంటు పాడైందని అందరూ టెన్షన్ పడుతుంటారు, కారణం మాత్రం పక్క షెడ్డులో ఎవరో ఒంపిన బకెట్ అయి ఉంటుంది.

'నీళ్లు కలిపి పంపేస్తే సరిపోదా' అని అడిగేవాళ్లున్నారు. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు దాటకూడదు అని నియమం ఉన్నప్పుడు నీళ్లు కలిపితే ఆ అంకె తగ్గుతుంది, కానీ బయటికి పోయే విషం కిలోల్లో ఏమీ తగ్గదు. జపాన్‌లో మినమాటా సముద్రమే ఆ నీళ్ల పాత్ర పోషించింది. చిస్సో కంపెనీ ప్లాంటు నుంచి పాదరసం కలిసిన నీళ్లు ఖాతంలోకి వెళ్లాయి, ఆ పాదరసం చేపల్లో పోగుపడింది, చేపలు తిన్న మనుషుల నరాలు దెబ్బతిన్నాయి. జబ్బు అధికారికంగా బయటపడింది 1956లో, ఆ నీళ్లు ఆగింది 1968లో. మధ్యలో పన్నెండేళ్లు. సముద్రం పలచన చేసింది, చేప మళ్లీ చిక్కబరిచింది. ఈ ఒక్క ఉదాహరణ తర్వాత కూడా పలచన చెయ్యడాన్ని శుద్ధి అని పిలవడానికి నాకు మనసొప్పదు.

దీనికి రెండో చివర బయటికి చుక్క నీరు వదలని ప్లాంట్లు. సన్నటి పొరల గుండా నీళ్లని ఒత్తిడితో వడకట్టి, మిగిలిన ఉప్పునీటిని కాచి ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీరుగా వాడుకుంటారు. నీటికి కరువున్న చోట ఇది పెద్ద మేలు. కాచడానికి బోలెడు శక్తి కావాలి, చివర్లో రకరకాల లవణాలు కలిసిన ఉప్పు కుప్ప మిగులుతుంది, దాన్ని ఎవరూ కొనరు. ఒకే రకం లవణంగా వస్తే మళ్లీ వాడుకునే ఫ్యాక్టరీలున్నాయి. మళ్లీ అదే కథ.

ఇక్కడిదాకా చెప్పినవి చిన్న చిన్న ధారలు. పెద్ద కుప్పల దగ్గర ఇదే సూత్రం ఇంకోలా పనిచేస్తుంది. ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ కొలిమిలో ఒక టన్ను ఇనుము తీస్తే సుమారు 300 కిలోల స్లాగ్ వస్తుంది, మన పాత మాటలో చిట్టెం. 1,500 డిగ్రీల దగ్గర ఎర్రటి ద్రవంగా కారే ఈ స్లాగ్‌ని గుంతలో పోసి నెమ్మదిగా చల్లారనిస్తే రాయి అవుతుంది, రోడ్డు అడుగున వేసుకోవచ్చు. అదే ద్రవం మీద కారుతుండగానే జోరుగా నీళ్లు కొడితే ఠపఠపమని పగిలి ఇసకలా గాజు రేణువులవుతుంది, స్ఫటికాలు కట్టడానికి దానికి టైమే ఉండదు. ఆ గాజు ఇసకని మెత్తగా నూరితే సిమెంట్‌లో సగందాకా కూడా దాన్ని వాడుకోవచ్చు. 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ కనిపెట్టిన గుణం ఇది. సిమెంట్ కోసం సున్నపురాయి కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ అంతమేరకు తగ్గుతుంది. ఒకే పదార్థం, ఒకే కొలిమి. రాయా, సిమెంటా అన్నది కొలిమి నోటి దగ్గర కొన్ని సెకన్లలో తేలింది.

అన్నిటికీ ఇంత అందమైన దారి దొరకలేదు. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా, అంటే అల్యూమినియం తయారయ్యే తెల్లటి పొడి, తీశాక మిగిలే ఎర్ర బురద ప్రపంచమంతా కలిపితే ఏటా 10 కోట్ల టన్నులకు పైనే. కాస్టిక్ సోడాతో నిండి చర్మాన్ని కాల్చేంత క్షారంగా ఉంటుంది, పిండికన్నా మెత్తగా ఉంటుంది, ఇనుము, టైటానియం, సోడియం అన్నీ కలిసిపోయి ఉంటాయి. కొంచెం సిమెంట్‌లోకి పోతుంది, చాలావరకు గట్లు కట్టిన చెరువుల్లో నిలవ ఉంటుంది. 2010 అక్టోబర్‌లో హంగరీలోని ఐకా దగ్గర అలాంటి గట్టు తెగితే పది మంది చనిపోయారు. నిలవ పెట్టడం కూడా నిర్వహణే అంటారు. అలాగైతే గట్టుకి కాపలా ఎన్నేళ్లు అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి.

కంపెనీలు ప్రకటించే '95 శాతం రీసైకిల్ చేశాం' లాంటి అంకెలని కూడా ఈ చూపుతోనే చదవాలి. శాతం దాదాపు ఎప్పుడూ బరువులో ఉంటుంది. చిట్టెం, కాంక్రీటు ముక్కలు, అట్టపెట్టెలు బరువైనవి, ఆ శాతాన్ని అవే మోస్తాయి. మిగిలిన 5 శాతంలోనే ప్లేటింగ్ బురద, సాల్వెంట్ అడుగుమడ్డి, పాదరసం ఉండొచ్చు. 'రీసైకిల్' అన్న మాటకింద ఏం కలిపారో కూడా అడగాలి. సిమెంట్ కొలిమిలో కాల్చడం నిజంగా మంచి దారుల్లో ఒకటి, అక్కడ సరుకు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, బూడిద కూడా క్లింకర్‌లో, అంటే నూరితే సిమెంట్ అయ్యే గట్టి గడ్డల్లో, కలిసిపోతుంది కాబట్టి విడిగా మిగలదు. కానీ పాదరసం ఆవిరై పొగగొట్టం వైపు పోతుంది, క్లోరిన్ ఎక్కువైతే కొలిమి దారులు పూడుకుపోతాయి. అన్నీ తోసెయ్యడానికి అది హోమగుండం కాదు.

గేటు దాటిన తర్వాత ఆ డ్రమ్ము ఎవరిది? చట్టాలు రాసినవాళ్లని ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇదే. అమెరికాలో నయాగరా ఫాల్స్ దగ్గర లవ్ కెనాల్ అనే పాత కాలువలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 దాకా దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు పాతిపెట్టి, పైన మట్టి కప్పి, ఆ స్థలాన్ని ఒక్క డాలర్‌కి స్కూల్ బోర్డుకి రాసిచ్చింది. దాని మీద స్కూల్, చుట్టూ ఇళ్లు వచ్చాయి. 1978లో అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించి కుటుంబాలని ఖాళీ చేయించారు. అందులోంచి పుట్టిందే 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం: స్థలం చేతులు మారినంత మాత్రాన పాతిపెట్టినవాళ్ల బాధ్యత పోదు. దేశం దాటించి వదిలించుకునే ఆట కట్టించడానికి 1989లో బేసెల్ ఒప్పందం వచ్చింది. అందుకే వ్యర్థం తీసుకెళ్లేవాడు తక్కువ రేటు చెప్పాడని సంబరపడే ముందు, ఆ లారీ చివరికి ఎక్కడ ఖాళీ అవుతుందో స్వయంగా వెళ్లి చూసి రావడం అవసరం.

లోపల మాత్రం ఇదంతా ఒక మనిషి చేతిలో ఉంటుంది, ఊడ్చేవాళ్ల చేతిలో, ఆపరేటర్ చేతిలో. గోడకి ఆరు రంగుల డబ్బాల చార్టు అంటించి విడదీయండి అంటే ఎవరూ చెయ్యరు, అది బద్ధకం కాదు. మిషన్ నుంచి డబ్బా ఇరవై అడుగుల దూరంలో ఉంది, గంటకి ఇన్ని పీసులు అని టార్గెట్ ఉంది, ట్రే నిండిపోయింది. మనిషి ఏం చేస్తాడు? దగ్గరున్న డబ్బాలో వేస్తాడు. డబ్బాని చెయ్యి చాపితే అందేంత దగ్గరికి తేవడం, గ్రేడు మార్చినప్పుడు ట్రే ఖాళీ చెయ్యడానికి ఐదు నిమిషాలు షెడ్యూల్‌లోనే ఇవ్వడం, తుక్కు విడిగా వచ్చినందుకు దొరికిన అదనపు డబ్బులో ఆ షాపు వాళ్లకి వాటా ఇవ్వడం, ఈ మూడూ ఎన్ని ట్రైనింగులకన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఇక ఒకరి వ్యర్థం ఇంకొకరి ముడిసరుకు అనే మాటకి అందరూ చూపించే ఊరు డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్. 1972లో అక్కడ పెట్టిన జిప్సం బోర్డుల ఫ్యాక్టరీ పక్క రిఫైనరీలో మిగిలిపోయే గ్యాస్ వాడుకుంది. తర్వాత పవర్ ప్లాంట్ ఆవిరి రిఫైనరీకి, మందుల కంపెనీకి వెళ్లింది. పవర్ ప్లాంట్ పొగలోంచి గంధకాన్ని సున్నపురాయితో పట్టగా వచ్చిన జిప్సం 1993 నుంచి బోర్డుల ఫ్యాక్టరీకి చేరింది. ఎవరో ప్లాన్ వేసి కట్టించింది కాదు, పక్కపక్కనున్న మేనేజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఒక్కో పైపూ వేసుకుంటూ పోయారు. ఆ తర్వాత పవర్ ప్లాంట్ బొగ్గు మానేసి కలప ముక్కలకి మారింది. కలపలో గంధకం దాదాపు ఉండదు, అంటే జిప్సం ఉండదు. మంచి పని ఒకటి జరిగితే ఇంకో మంచి పనికి ముడిసరుకు ఆగిపోయింది.

బొగ్గు బూడిదకీ ఇప్పుడు ఇదే జరుగుతోంది. పొగలోంచి పట్టే సన్నటి బూడిద కాంక్రీటుకి బలాన్నిస్తుంది, సిమెంట్ వాడకం తగ్గిస్తుంది. బ్రిటన్‌లో చివరి బొగ్గు పవర్ స్టేషన్ 2024 సెప్టెంబర్ 30న మూతపడింది, అమెరికాలో ఒక్కొక్కటీ మూతపడుతూ వస్తున్నాయి, కాంక్రీటు వాళ్లకి బూడిద దొరకడం కష్టమైంది. దాంతో ఒకప్పుడు వదిలించుకోవడానికి చెరువుల్లో పోసిన బూడిదని మళ్లీ తవ్వి తీస్తున్నారు. పొడిగా గోదాముల్లో పోసినది అయితే నేరుగా లారీకి ఎక్కించేవాళ్లు. చెరువులోది నీళ్లతో, కొలిమి అడుగు నుంచి వచ్చిన గరుకు బూడిదతో కలిపి పోసింది, అందుకని ముందు తవ్వి, నీళ్లు ఓడ్చి, ఆరబెట్టి, జల్లించి, మిగిలిపోయిన బొగ్గు పొడి ఎక్కువుంటే దాన్ని కాల్చి, ఒక్కో లోడూ టెస్ట్ చేసి అప్పుడు సిమెంట్ మిక్సర్ దాకా పంపుతున్నారు.